ఫోన్ ఎవరు చేయాలి? గ్రీన్స్‌బరో కేన్సర్ కేస్ స్టడీ, మా హాస్పిటల్లో మేం చేసింది

అమెరికాలో మా హాస్పిటల్లో ఒక పేషెంట్ ఫైల్‌తో మొదలుపెడతా. అరవై దాటిన బ్లాక్ ఆవిడ, రొమ్ము కేన్సర్, ఫస్ట్ స్టేజ్‌లోనే దొరికింది, సర్జరీ బాగా అయింది, తర్వాత రేడియేషన్‌కి వారానికి ఐదు రోజులు రావాలి. రెండో వారంలో మూడు రోజులు రాలేదు. ఫైల్‌లో ఎవరో 'నాన్ కంప్లయంట్' అని టైప్ చేసి పెట్టారు, అంటే చెప్పిన మాట వినని పేషెంట్ అని. ఆ మాట ఒకసారి ఫైల్లోకి ఎక్కిందంటే తర్వాత వచ్చే ప్రతి డాక్టరూ ప్రతి నర్సూ ముందు అదే చదువుతారు, మనిషి మొహం చూసేది ఆ తర్వాతే.

నేను ఫోన్ చేస్తే తెలిసిందేంటంటే ఆవిడ కారు పాడైపోయింది, బస్సులో రావాలంటే రెండు మారాలి, మొదటి రోజే మా ఫ్రంట్ డెస్క్‌కి కాల్ చేసి సంగతి చెప్పింది, హోల్డ్‌లో పెట్టారు, మళ్ళీ మేమే చేస్తాం అన్నారు, ఎవరూ చేయలేదు. అదే నెలలో ఒక వైట్ ఆవిడ రెండు రోజులు రాకపోతే అదే డెస్క్ నుంచి అదే సాయంత్రం ఫోన్ వెళ్ళింది, టైమ్ మార్చి ఇచ్చారు కూడా. డెస్క్ దగ్గర కూర్చునే అమ్మాయి మంచి పిల్ల, ఎవరి మీదా కోపం ద్వేషం ఉన్న మనిషి కాదు, ఈ రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు నుంచి నాకు ఒక్కటే ప్రశ్న, ఇలాంటివి ఇంకెన్ని జరుగుతున్నాయి, అవి మాకెందుకు కనబడట్లేదు అని.

నేను గుంటూరులో నర్సింగ్ చదివి వచ్చినదాన్ని, పద్నాలుగేళ్ళుగా అమెరికా సౌత్‌లో పనిచేస్తున్నా, ఇప్పుడు కేన్సర్ నర్స్ నావిగేటర్‌ని. నావిగేటర్ అంటే మనవాళ్ళకి చెప్పాలంటే ఆరోగ్యశ్రీలో ఆరోగ్యమిత్ర గుర్తున్నారు కదా, హాస్పిటల్ గేటు దాటగానే ఏ రూముకి వెళ్ళాలి ఏ కాగితం కావాలి అని దారి చూపించే మనిషి, దాదాపు అలాంటి పనే, కాకపోతే ఇక్కడ జబ్బు తెలిసిన రోజు నుంచి ట్రీట్‌మెంట్ అయ్యేదాకా ఒకే మనిషి వెంట ఉంటాం. ఈ పద్ధతి 1990లో న్యూయార్క్ హార్లెమ్‌లో హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ మొదలుపెట్టారు. పేద బ్లాక్ ఆడవాళ్ళు రొమ్ము కేన్సర్ ముదిరిపోయాక వస్తున్నారని చూసి, మందు ఒక్కటే ఉంటే చాలదు దాని దగ్గరికి తీసుకొచ్చే మనిషి కూడా కావాలని ఆయన పట్టుబట్టారు. అమెరికాలో బ్లాక్ ఆడవాళ్ళకి రొమ్ము కేన్సర్ రావడం వైట్ ఆడవాళ్ళకంటే కొంచెం తక్కువే, కానీ చనిపోవడం మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. జబ్బు తక్కువగా వచ్చేవాళ్ళలో చావులు ఎక్కువ ఉన్నాయంటే మధ్యలో ఎక్కడో తేడా జరుగుతోందనే కదా.

నా ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే దొరికిన కేసు గ్రీన్స్‌బరో. నార్త్ కరోలినాలో ఊరు, ఇలాంటి తేడాల్ని హాస్పిటలూ జనం కలిసి వెతికి పట్టుకుని తగ్గించిన చోటు. 1960 ఫిబ్రవరి 1న నలుగురు బ్లాక్ కాలేజీ కుర్రాళ్ళు వూల్‌వర్త్ షాపులో వైట్ వాళ్ళకి మాత్రమే అన్న లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగి, ఇవ్వకపోయినా లేవకుండా ఉండిపోయింది ఈ ఊళ్ళోనే. ఆ కథ చాలామందికి తెలుసు. హాస్పిటల్ కథ తెలిసినవాళ్ళు తక్కువ, నాకూ ఈ పనిలోకి దిగేదాకా తెలీదు.

ఆ రోజుల్లో ఊళ్ళో రెండు పెద్ద హాస్పిటల్స్, మోజెస్ కోన్, వెస్లీ లాంగ్. రెండూ హిల్ బర్టన్ చట్టం కింద ప్రభుత్వం డబ్బు తీసుకుని కట్టుకున్నవే. 1946లో వచ్చిన ఆ చట్టంలోనే ఒక క్లాజు ఉంది, 'వేరువేరుగా అయినా సమానంగా' ఉంటే చాలని, అంటే నల్లవాళ్ళకి వేరే హాస్పిటల్ ఉంటే సరిపోతుందని. బ్లాక్ పేషెంట్లకి ఎల్ రిచర్డ్‌సన్ అని చిన్న హాస్పిటల్ ఉండేది, అక్కడ బెడ్లు ఎప్పుడూ నిండిపోయి ఉండేవి. జార్జ్ సిమ్‌కిన్స్ అనే బ్లాక్ డెంటిస్ట్ దగ్గరికి పన్ను నొప్పితో వచ్చిన ఒక స్టూడెంట్‌కి హాస్పిటల్లో చేర్చి చేయాల్సిన అవసరం పడింది, ఎక్కడా చోటు దొరకలేదు. సిమ్‌కిన్స్, ఇంకొంతమంది బ్లాక్ డాక్టర్లు, డెంటిస్టులు, పేషెంట్లు కలిసి 1962లో కోర్టుకి వెళ్ళారు. కింద కోర్టులో ఓడిపోయారు, 1963 నవంబర్‌లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టులో గెలిచారు, 1964 మార్చిలో సుప్రీంకోర్టు హాస్పిటల్స్ అప్పీలు తీసుకోనంది. ప్రభుత్వం సొమ్ము తిన్న హాస్పిటల్ రంగు చూసి మనుషుల్ని ఆపకూడదు అన్నది అలా తేలింది. అదే ఏడాది జాతివివక్షని నిషేధించిన సివిల్ రైట్స్ చట్టం, 1966 నుంచి మెడికేర్ (పెద్దవయసువాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) డబ్బు, ఆ డబ్బు కావాలంటే వార్డులు కలపాల్సిందే అన్న షరతుతో దేశం మొత్తం మీద హాస్పిటల్స్ తలుపులు తెరుచుకున్నాయి. మోజెస్ కోన్ హాస్పిటల్‌ని నడిపే కోన్ హెల్త్ సంస్థ ఆ కేసుకి సంబంధించి క్షమాపణ చెప్పింది మాత్రం 2016లో, అప్పటికి కేసు వేసినవాళ్ళలో బతికున్నది ఒక్క డాక్టర్ ఆల్విన్ బ్లౌంట్, ఆయనకి 94 ఏళ్ళు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా పేషెంట్లలో డెబ్భై ఎనభై ఏళ్ళవాళ్ళకి ఇది చరిత్ర పాఠం కాదు, వాళ్ళ చిన్నప్పుడు వాళ్ళ అమ్మని ఏ గుమ్మం దగ్గర ఆపేశారో వాళ్ళకి గుర్తుంది. 'బ్లాక్ వాళ్ళు డాక్టర్లని నమ్మరు' అని మా బ్రేక్ రూముల్లో చాలా తేలిగ్గా అనేస్తారు. ఆ నార్త్ కరోలినాలోనే 1929 నుంచి 1974 దాకా ప్రభుత్వ బోర్డు ఆర్డర్లతో సుమారు 7,600 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు, అందులో బ్లాక్ ఆడవాళ్ళు చాలామంది. నమ్మకం ఎందుకు లేదు అని పేషెంట్‌ని అడిగే ముందు మనం ఏం చేశామో తెలుసుకోవాలి కదండీ.

ఇక అసలు సంగతి, హాస్పిటల్, యూనివర్సిటీ, ఊరి జనం చేతులు కలిపిన పార్ట్‌నర్‌షిప్. గ్రీన్స్‌బరోలో పార్ట్‌నర్‌షిప్ ప్రాజెక్ట్ అని జాతివివక్ష మీద ట్రైనింగ్ ఇచ్చే లోకల్ సంస్థ ఒకటి ముందునుంచీ ఉంది, దాని వెనక నెటీ కోడ్ అనే బస్తీ నాయకురాలు లాంటివాళ్ళు ఉండేవారు. వాళ్ళు, యూఎన్‌సీ అంటే నార్త్ కరోలినా యూనివర్సిటీ పబ్లిక్ హెల్త్ ప్రొఫెసర్ యుజీనియా ఎంగ్, డాక్టర్ శామ్యూల్ సైకర్ట్ లాంటి రీసెర్చర్లు, కోన్ హెల్త్‌లో పనిచేసేవాళ్ళు, ఊళ్ళో మామూలు జనం కలిసి 2003లో గ్రీన్స్‌బరో హెల్త్ డిస్పారిటీస్ కొలాబరేటివ్ పెట్టుకున్నారు, అంటే ఆరోగ్యంలో తేడాల మీద కలిసి పనిచేసే బృందం. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ముందు గ్రాంట్ తెచ్చుకుని తర్వాత కమ్యూనిటీని పిలవలేదు. ముందు మనుషులు కూర్చున్నారు. సభ్యుడు కావాలంటే ప్రొఫెసరైనా సరే రెండు రోజుల 'అన్‌డూయింగ్ రేసిజం' ట్రైనింగ్‌లో కూర్చోవాలి, ఇది న్యూ ఆర్లీన్స్‌లోని పీపుల్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ట్రైనింగ్. తర్వాత అందరూ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి, ఒకరి మాటకి ఒకరు ఎలా విలువివ్వాలి అని. ఏ ప్రశ్న మీద రీసెర్చ్ చేయాలి అన్నది కూడా కమ్యూనిటీ వాళ్ళు కలిసి తేల్చిందే.

ఆ రెండు రోజుల ట్రైనింగ్ గురించి ఒక మాట. నేను దాన్ని వేరే ఊళ్ళో చేశాను. వివక్ష అంటే ఒక చెడ్డ మనిషి మనసులో ఉండేది మాత్రమే అనుకుంటే ఎప్పటికీ దొరకదు, రూల్సులో, అలవాట్లలో, ఎవరి ఫోన్ ముందు ఎత్తుతాం అన్నదాంట్లో ఉంటుంది అని వాళ్ళు చెప్తుంటే నాకు మా ఇంటి చూరు గుర్తొచ్చింది. మా పొలంలో పనిచేసే తాతకి వేరే గ్లాసు ఉండేది, చూరులో దోపేవాళ్ళు, కాఫీ తాగి ఆయనే కడుక్కుని మళ్ళీ అక్కడే దోపేవాడు. మా నాయనమ్మ ఆయన్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు, పండక్కి బట్టలు పెట్టేది, జ్వరం వస్తే మందు బిళ్ళ ఇచ్చి పంపేది. గ్లాసు మాత్రం చూరులోనే ఉండేది. ఇరవై మంది ముందు ఆ సంగతి చెప్పేసరికి నాకు గొంతు పట్టేసింది. తెలుగువాళ్ళం ఇక్కడ మన రంగు వల్ల అవమానపడ్డ సంగతులు చాలా చెప్పుకుంటాం, అవి నిజమే, కానీ హాస్పిటల్లో స్కానింగ్ టైమ్ ఇచ్చేది, ఇన్సూరెన్స్ అప్రూవల్ చూసేది, మందు రాసేది కూడా మనవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, గ్లాసు చూరులో పెట్టే చెయ్యి ఇక్కడ మనదే కావొచ్చు.

సరే, వాళ్ళు కనుక్కున్నదేంటి. 2010లో సైకర్ట్ టీమ్ వేసిన స్టడీ ఒకటుంది, తొలి దశ ఊపిరితిత్తుల కేన్సర్ మీద. ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం బాగా ఉన్న దశ అది, చేయకపోతే ఎక్కువమంది కొన్నేళ్ళలోనే పోతారు. వైట్ పేషెంట్లలో 66 శాతం మందికి సర్జరీ జరిగితే బ్లాక్ పేషెంట్లలో 55 శాతం మందికే జరిగింది. ఎందుకు అని చూస్తే డాక్టరుతో మాట సరిగ్గా కుదరలేదనుకున్నవాళ్ళు ఆపరేషన్ దాకా వెళ్ళట్లేదు, రెగ్యులర్‌గా చూసే డాక్టర్ లేని బ్లాక్ పేషెంట్లు వెళ్ళట్లేదు, ఇంకోటి, నాకు నిద్ర పట్టనివ్వనిది, బీపీ షుగర్ లాంటి వేరే జబ్బులు రెండో అంతకన్నా ఎక్కువో ఉన్న బ్లాక్ పేషెంట్లకి సర్జరీ అయ్యే అవకాశం బాగా పడిపోతోంది, వైట్ పేషెంట్లలో ఆ తేడా అలా లేదు. అంటే అవే రిస్కులున్న ఒకరి విషయంలో 'ట్రై చేద్దాం', ఇంకొకరి విషయంలో 'వద్దులే' అయిపోతోంది, ఆ గదిలో ఉన్న ఎవరికీ తాము తేడా చేస్తున్నామని తెలీకుండానే.

ఆ తర్వాత వచ్చిందే అక్యూర్ ప్రాజెక్ట్, నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ డబ్బుతో, గ్రీన్స్‌బరోలో కోన్ హెల్త్ కేన్సర్ సెంటర్లో, పిట్స్‌బర్గ్‌లో యూపీఎంసీ అనే హాస్పిటల్ సంస్థ కేన్సర్ సెంటర్లో. తొలి దశ రొమ్ము, ఊపిరితిత్తుల కేన్సర్ పేషెంట్లని తీసుకున్నారు. ట్రైనింగ్‌లో నేర్చుకున్న రెండు మాటలు, పారదర్శకత, జవాబుదారీతనం, వాటిని హాస్పిటల్ మెషీన్లోకి ఎక్కించారు. కంప్యూటర్ రికార్డుల నుంచి ఒక అలారం పెట్టారు, పేషెంట్ అపాయింట్‌మెంట్ మిస్ అయినా, ఇన్ని రోజుల్లో అవ్వాల్సిన స్టెప్ అవ్వకపోయినా వెంటనే నావిగేటర్‌కి తెలుస్తుంది, ఫోన్ చేయడం ఎవరి మంచితనం మీదా ఆధారపడదు. నావిగేటర్‌కి బ్లాక్ పేషెంట్లు సిస్టమ్‌లో ఎక్కడెక్కడ దెబ్బ తింటారో తెలిసేలా ప్రత్యేకంగా ట్రైనింగ్. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది, ట్రీట్‌మెంట్ పూర్తి చేసినవాళ్ళ లెక్క జాతివారీగా విడదీసి అక్కడి డాక్టర్ల ముందే పెట్టడం, అదీ వాళ్ళలోనే ఒక డాక్టర్ ముందుండి చూపించడం. స్టాఫ్ అందరికీ ఈక్విటీ (అందరికీ సమానంగా వైద్యం అందడం) సెషన్లు కూడా ఉండేవి, ఇష్టమైనవాళ్ళు వెళ్ళొచ్చు.

అంతకుముందు పాత రికార్డుల్లో వైట్ పేషెంట్లు 87.3 శాతం, బ్లాక్ పేషెంట్లు 79.8 శాతం ట్రీట్‌మెంట్ పూర్తి చేశారు. ప్రాజెక్ట్‌లో చేరినవాళ్ళలో వైట్ 89.5, బ్లాక్ 88.4. ఏడున్నర పాయింట్ల గ్యాప్ ఒక పాయింట్‌కి వచ్చేసింది. 2021లో ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళ లెక్క కూడా చెప్పారు, రొమ్ము కేన్సర్లో బ్లాక్ పేషెంట్లు 89 నుంచి 94 శాతానికి, వైట్ 91 నుంచి 94కి, ఊపిరితిత్తుల కేన్సర్లో బ్లాక్ 37 నుంచి 54కి, వైట్ 43 నుంచి 56కి. ఇది లాటరీ తీసి రెండు గ్రూపులు చేసిన ట్రయల్ కాదు, పాత రికార్డులతో పోల్చినది, ఆ ఏళ్ళలో మందులు కూడా మెరుగుపడ్డాయి, కాబట్టి పెరిగినదంతా దీనివల్లే అని నేను అనను. కానీ గ్యాప్ మూసుకుపోవడం మాత్రం మందుల వల్ల దానంతటదే అయ్యేది కాదని నా నమ్మకం, ఎందుకంటే కొత్త మందు కూడా ఎప్పుడూ ముందు చేరేవాళ్ళకే ముందు చేరుతుంది. ఇంకోటి గమనించండి, వైట్ పేషెంట్ల లెక్క కూడా పెరిగింది. ఎవరి వాటా తీసి ఎవరికీ పెట్టలేదు.

ఇప్పుడు మా హాస్పిటల్. పేరు చెప్పను. ఆ ఫైల్ సంగతి తర్వాత మా మేనేజర్‌ని ఒప్పించి ఇలాంటిదే మేమూ చేద్దాం అన్నాం, ఒక చిన్న గ్రాంట్ కూడా వచ్చింది, మొదట్లోనే తప్పు చేశాం. ప్లాన్ అంతా మేమే రాసి, రంగుల పాంఫ్లెట్ కూడా వేయించి, దగ్గర్లో ఉన్న బ్లాక్ చర్చి హాల్లో మీటింగ్ పెట్టాం. నలభై మందికి భోజనం తెప్పిస్తే తొమ్మిది మంది వచ్చారు. అందులో రిటైర్డ్ స్కూల్ టీచర్ ఒకావిడ, మా అమ్మ వయసు, పాంఫ్లెట్ అటూ ఇటూ తిప్పి, "బేబీ, ఇది ఎప్పుడు ప్రింట్ చేయించారు?" అని అడిగింది. పోయిన నెల అన్నాను. "అయితే మమ్మల్ని ఎందుకు పిలిచారు? అంతా అయిపోయిందిగా" అంది. కోపంగా కూడా అనలేదు, అలసటగా అంది. ఆవిడ ఇలాంటి మీటింగులు నలభై ఏళ్ళుగా చూస్తోందట, వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, గ్రాంట్ అయిపోగానే కనబడరు.

మేం ఆ పాంఫ్లెట్లు పక్కన పడేసి ఐదు నెలలు ఆగాం. మా డైరెక్టర్‌కి ఇది అస్సలు నచ్చలేదు, గ్రాంట్ టైమ్ పోతోందని. ఆ ఐదు నెలల్లో చర్చి వాళ్ళు, ఒక బార్బర్ షాప్ ఆయన, కేన్సర్ నుంచి బయటపడ్డ ముగ్గురు ఆడవాళ్ళు, బస్సు డ్రైవర్ ఒకాయన, మా వైపు నుంచి నలుగురం కలిసి కమిటీ అయ్యాం. మీటింగ్ హాస్పిటల్ కాన్ఫరెన్స్ రూమ్‌లో వద్దన్నారు, చర్చి హాల్లో సాయంత్రం ఆరున్నరకి పెట్టాం, వచ్చినవాళ్ళకి వాళ్ళ టైమ్‌కి డబ్బులిచ్చాం, పెట్రోలుకి కూడా. ఈ డబ్బు గురించి చాలా వాదన అయింది, వాలంటీర్లు కదా అని మావాళ్ళు అన్నారు, అదే మీటింగ్‌లో మేం నలుగురం జీతం మీద కూర్చున్నాం అని ఆ టీచరమ్మే గుర్తుచేసింది.

కమిటీ అడిగిన మొదటి ప్రశ్న మేం ఎప్పుడూ అనుకోనిది. 'రాలేదు' అని రాస్తారు కదా, ఎందుకు రాలేదో ఏ డబ్బాలో రాస్తారు అని. మా సాఫ్ట్‌వేర్‌లో అసలు అలాంటి డబ్బా లేదు. బండి లేదు, డ్యూటీలో సెలవు ఇవ్వలేదు, మనవరాలిని చూసుకోవాలి, మీవాళ్ళు మాట్లాడిన తీరుకి రాబుద్ధి కాలేదు, ఇవన్నీ కలిపి ఒకే ఒక్క 'నో షో'. ఆ డబ్బా పెట్టించడానికి ఐటీ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి అక్కడ పనిచేసే ఒక తెలుగబ్బాయి రెండు వీకెండ్లు కూర్చుని ఆ ఫీల్డ్, దానితోపాటు అలారం లిస్టు కూడా చేసిపెట్టాడు, రోజూ ఉదయం ఏడుకి నా స్క్రీన్ మీద వస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో ఫోన్ వెళ్ళాలి, రెండుసార్లు ఎత్తకపోతే పేషెంట్ ముందే రాసిచ్చిన ఇంకో నంబరుకి చేయాలి. 'నాన్ కంప్లయంట్' అన్న మాట రాయాలంటే ముందు కారణం డబ్బా నింపాలి, ఇది బస్సు డ్రైవర్ ఐడియా. డబ్బా నింపాక ఆ మాట రాసే అవసరం ఎవరికీ పెద్దగా రావట్లేదు.

డాక్టర్లకి లెక్కలు చూపించడం అన్నిటికన్నా కష్టమైంది. మా సర్జన్లలో ఒకాయన, చాలా మంచి చెయ్యి ఉన్న డాక్టర్, మొదటిసారి జాతివారీగా తన పేషెంట్ల లెక్క చూసి "నేను రంగు చూడను" అని లేచి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద కోపం రాలేదు, నిజంగానే ఆయన అలా అనుకుంటారు. తర్వాతి నెల ఆయనే పిలిచి, వేరే జబ్బులున్న బ్లాక్ పేషెంట్లలో సర్జరీ వద్దనుకున్నవాళ్ళ ఫైళ్ళు తీసిపెట్టమన్నారు. ఇద్దరం మూడు సాయంత్రాలు కూర్చుని చదివాం. ఒక ఫైల్ దగ్గర చాలాసేపు ఆగిపోయి, "ఈయనకి నేను ఇంకో కార్డియాలజిస్ట్ ఒపీనియన్ అడగాల్సింది" అన్నారు. ఆ పేషెంట్ అప్పటికే లేరు. ఇప్పుడు వేరే జబ్బుల కారణంగా సర్జరీ వద్దు అనుకున్న ప్రతి కేసూ ఇంకో డాక్టర్ కూడా చూడాలన్న రూల్ పెట్టించింది ఆయనే.

మా లెక్కలు ఇక్కడ రాయట్లేదు, చిన్న సెంటర్, పేషెంట్లు తక్కువ, ఇంకా రెండేళ్ళు కూడా కాలేదు, పర్సెంటేజీలు వేసి గొప్పలు చెప్పడం సరికాదు. రొమ్ము కేన్సర్లో మార్పు కళ్ళకి కనిపిస్తోంది, ఊపిరితిత్తుల వైపు ఇంకా బాగా వెనకబడే ఉన్నాం. ఇంకో లోటు, మా ఫారాల్లో 'ఏషియన్' అని ఒకటే గడి, తెలుగు అమ్మమ్మా, వియత్నాం నుంచి వచ్చినావిడా అందులోనే. కొడుకు ఆఫీసులో ఉంటే ఇంగ్లీషు రాక అపాయింట్‌మెంట్ వదిలేసుకునే మన పెద్దవాళ్ళు ఆ గడిలో కనబడకుండా పోతున్నారు. కమిటీలో ఇది చెప్తే టీచరమ్మ, మీవాళ్ళని ఇద్దరిని తీసుకురా, నువ్వు చెప్తే సరిపోదు అంది. గుడికి వెళ్ళి అడిగాను, ఒక రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ గారూ, వాళ్ళ వదినగారూ వస్తున్నారు.

మొదట్లో చెప్పిన ఆవిడ రేడియేషన్ పూర్తి చేసింది, రైడ్ మేం ఏర్పాటు చేశాం, ఇప్పుడు ఆవిడ కూడా కమిటీలో ఉంది. తన ఫైల్లో ఆ మాట ఇంకా ఉందా అని అడిగింది, రికార్డు చెరపడానికి వీల్లేదు, కింద సవరణ నోట్ రాయించాం, ప్రింట్ తీసి ఇస్తే మడిచి పర్సులో పెట్టుకుంది. గ్రాంట్ సెప్టెంబర్‌తో అయిపోతుంది. నా పోస్టూ, అలారం లిస్టు చూసే ఇంకో అమ్మాయి పోస్టూ హాస్పిటల్ సొంత బడ్జెట్‌లోకి తీసుకోవాలని కమిటీ బోర్డుకి లెటర్ రాసింది. మంగళవారం మీటింగ్. మా డైరెక్టర్ పక్కన కూర్చుని మాట్లాడేది నేను కాదు, ఆ టీచరమ్మ, రేడియేషన్ ఆవిడ. ప్రశ్నలు వాళ్ళే రాసుకున్నారు, నాకు చూపించలేదు.